నాలుగో పాటలో నిశ్శబ్దం

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
సెప్టెంబర్ 12, 2025

బాబాయ్,

వచ్చేసింది! పదిహేడేళ్ల తర్వాత టిన్ మెరిడియన్ మళ్లీ పాడింది. పొద్దున్నే ఆఫీస్‌కి సిక్ లీవ్ మెయిల్ కొట్టి, తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మేనేజర్‌కి గొంతు నొప్పి అని చెప్పాను. అరిచి అరిచి ఇప్పుడు నిజంగానే నొప్పి పుడుతోంది.

నీకు ఫోన్ చేస్తే ఎత్తవు, వాయిస్ మెసేజ్ పెడితే వినవు. "ఫోన్‌లో మాట జారిపోతుంది, ఉత్తరంలో నిలబడుతుంది" అంటావు. సరే, ఇదిగో, ఈమెయిల్ అనే పేరుతో ఉత్తరం.

గుంటూరులో ఆ వేసవి గుర్తుందా? నువ్వు మొదటిసారి ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తూ అందరికీ చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చావు. నాకు మాత్రం టిన్ మెరిడియన్ సీడీ. తొమ్మిదేళ్ల పిల్లకి ఓక్లహోమా రాక్ బ్యాండ్ ఏమిట్రా అని నాన్న తిట్టాడు. "దాని చెవి మంచిది అన్నయ్యా" అన్నావు నువ్వు. ఆ మాట నేను మర్చిపోలేదు. అందుకే నా అభిప్రాయం ముందు నీకు, తర్వాతే లోకానికి.

ఆల్బమ్ పేరు 'నార్త్ ఆఫ్ నూన్'. మొదటి పాట మొదలవగానే నా గుండె జారిపోయింది. వేన్ హాలోవే గొంతు మారిపోయింది బాబాయ్. పాత వేన్ ఒక్క దూకులో మేడ ఎక్కేవాడు. ఈ వేన్‌కి అరవై దాటాయి. మొదటి చరణంలో ఎక్కబోయాడు, ఊపిరి అందలేదు. వీళ్లు తిరిగి రాకుండా ఉంటే బాగుండేది అనుకున్నాను. రెండో చరణానికి ఎక్కడం మానేశాడు. కింది మెట్టు మీదే కూర్చుని, పక్కింటాయనతో కబుర్లు చెప్పినట్టు పాడాడు. అంతే, లొంగిపోయాను. వయసు దాచుకోకుండా పాడే రాక్ గాయకుణ్ని నేనింతవరకూ వినలేదు.

రెండో పాట పరుగు. మూడోది 'టోల్ రోడ్', గిటార్ ఒకే తీగ మీద మొండిగా నడుస్తుంది. బయటికి పోయి ఎవరి కారైనా ఎత్తుకుపోవాలనిపిస్తుంది. డెలా ప్రూట్ డ్రమ్స్ గురించి అయితే విడిగా పుస్తకమే రాయొచ్చు.

నాలుగో పాట గురించి ఏమీ చెప్పను. 'గ్రెయిన్ ఎలివేటర్' దాని పేరు. మధ్యలో ఒక చోటుంది. అక్కడికొచ్చాక నీకే తెలుస్తుంది. నేనైతే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మిగతా అయిదు పాటలూ ఆ నిలబడే విన్నాను.

ఇది వాళ్ల ఆల్బమ్‌లన్నిట్లోకీ గొప్పది. తొందరపడి అనడంలేదు. వింటే నువ్వూ ఇదే అంటావు. పిన్నినీ భవితనీ అడిగానని చెప్పు.

నీ శిష్యురాలు,
హంసిక

*

బెంటన్‌విల్, ఆర్కన్సా
సెప్టెంబర్ 15, 2025

హంసీ,

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటావని తెలిసే రాస్తున్నాను. ఈ ఆల్బమ్ చప్పగా ఉంది.

కార్‌లో ఒకసారి, ఇంట్లో రెండుసార్లు విన్నాను. వేన్ ముసుగుతన్ని పడుకుని దుప్పట్లోంచి పాడుతున్నాడు. హల్లులన్నీ మింగేస్తున్నాడు, అచ్చులు మాత్రం బయటికొస్తున్నాయి. వయసు దాచుకోకపోవడం వేరు, పళ్లు పెట్టుకోవడం మర్చిపోవడం వేరు. డెలా ప్రూట్‌కి ఏమైందో నాకర్థం కాలేదు. రెండో ఆల్బమ్‌లో ఆమె సింబల్స్ కొడితే, డ్రమ్స్ పక్కన వేలాడే ఆ ఇత్తడి పళ్లాలు అద్దాలు పగిలినట్టు మోగేవి. ఇందులో ఒక్క సింబల్ లేదు. దబ్ దబ్ మని పిండి రుబ్బినట్టు ఒకటే మోత. మిక్సింగ్ చేసినవాణ్ని జైల్లో పెట్టాలి.

ఇక నీ నాలుగో పాట. నువ్వు చెప్పిన చోటు కనిపెట్టాను. అన్ని వాద్యాలూ ఆపేసి దాదాపు నిమిషం సేపు మౌనం! నా స్పీకర్ పోయిందనుకుని వైర్లు కూడా కదిపి చూశాను. తీరా మళ్లీ గిటార్ మొదలైంది. నిశ్శబ్దాన్ని కూడా పాటగా అమ్మే తెలివి వీళ్లకి ఎప్పుడొచ్చింది? దానికి నువ్వు లేచి నిలబడ్డావా? జాతీయగీతం అనుకున్నావా తల్లీ?

నా చెవి సంగతి నీకు తెలుసు. టేప్‌రికార్డర్ కాస్త నెమ్మదిగా తిరిగినా పట్టేసేవాణ్ని. మొహమాటానికి బాగుందని అనలేను.

ఇక్కడి కబుర్లు. మొన్న ఆఫీస్ నుంచి వస్తుంటే పోలీసు ఆపాడు. భయపడి చచ్చాను. తీరా చూస్తే, మైళ్ల తరబడి నా కార్ ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉందట! "సర్, ఆ టిక్ టిక్ మిమ్మల్ని విసిగించట్లేదా?" అని నవ్వాడు. ఆర్కన్సా పోలీసులకి పనిలేదు. మీ పిన్ని ఏమో ఇంట్లో పిట్ట దూరిందంటుంది. రోజంతా కీచుమంటోందట. ఇల్లంతా వెతికాను. పిట్టా లేదు, కూతా లేదు. నాగమల్లేశ్వరికి నడివయసు భ్రమలు మొదలయ్యాయేమో.

భవితతోనే ఇబ్బందిగా ఉంది. పిలిస్తే పలకదు. పదహారేళ్లొచ్చాయి, డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది, తండ్రి అక్కర్లేదు. మర్యాద నేర్పాలని దాని ఫోన్ తీసేసుకున్నాను. ఏడ్చింది గానీ అప్పుడూ నోరు విప్పలేదు.

ఆశీస్సులతో, నీతో ఏమాత్రం ఏకీభవించని
దామోదర్ బాబాయి

*

ప్లెయిన్స్‌బరో
సెప్టెంబర్ 17

బాబాయ్,

ఏ నిశ్శబ్దం?

నువ్వు అసలు విన్నావా, లేక వంట చేస్తూ పక్కగదిలో పెట్టావా? ఆ చోట అందరూ ఆగిపోయాక డెలా ఒక్కతే ఉంటుంది. సన్నటి బ్రష్‌తో సింబల్ అంచుని నిమురుతుంది. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు ఉంటుంది. మెల్లగా, ఒక్కో చినుకూ విడివిడిగా. ఆల్బమ్ మొత్తానికి ప్రాణం అదే. దాన్ని మౌనం అంటావేంటి?

నిన్న నా అభిప్రాయాన్ని ఫ్యాన్ ఫోరంలో పెట్టాను. వందల మంది ఆ సింబల్ గురించే రాశారు. ఒక్కరు కూడా మౌనం అనలేదు. నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఫర్వాలేదు. వినకుండా తీర్పు చెప్పకు. ఇది నువ్వు నేర్పిన పద్ధతి కాదు. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

స్ట్రీమింగ్‌లో క్వాలిటీ తగ్గించి పెట్టుకున్నావేమో. అందుకని నీకు రికార్డే పంపుతున్నాను, నల్లటి పెద్ద పళ్లెం. అటకెక్కించిన నీ టర్న్‌టేబుల్ దింపు. దానిమీద విని అప్పుడు మాట్లాడు.

భవిత ఫోన్ ఇచ్చెయ్ బాబాయ్. అది మర్యాదలేని పిల్ల కాదు.

హంసిక

*

బెంటన్‌విల్
సెప్టెంబర్ 28, ఆదివారం

హంసీ,

రికార్డు చేరింది. టర్న్‌టేబుల్ దింపాను. పాత స్పీకర్ల మీద నమ్మకం లేక కొత్తవి కొన్నాను. మీ పిన్ని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిందేమో కూడా తెలియదు, ఈమధ్య ఈ ఇంట్లో అందరూ గొణుగుతున్నారు.

విన్నాను. శ్రద్ధగా, కళ్లు మూసుకుని. సింబల్ లేదు. నువ్వు చెప్పిన వానా లేదు, చినుకూ లేదు. వందమంది ఉందన్నారంటావా? ఒకడు ఉందంటే మిగతావాళ్లు వరసగా ఉందంటారు. ఫోరంలు అలాగే నడుస్తాయి. నువ్వు మాత్రం ఆ మందలో కలవడం నాకు బాధగా ఉంది. వినలేదన్నావు చూడు, ఆ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకునేవాణ్ని కాదు.

ఆఫీస్‌లోనూ ఇదే వరస. అనీష్ అని కొత్త మేనేజర్, ముప్పై రెండేళ్లవాడు. మీటింగుల్లో పెదవి కదలకుండా మాట్లాడతాడు. అందరూ నవ్వుతారు, ఎందుకో నాకు తెలియదు. వయసైనవాణ్ని పక్కకి తోసే పద్ధతి ఇది. అక్టోబర్‌లో కాంట్రాక్ట్ రెన్యువల్. వాళ్లు పొమ్మనకముందే నేనే వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను.

ఇవన్నీ పక్కన పెడితే, నువ్వు గురువారం పిన్ని ఫోన్‌కి చేసి నాకు చెప్పిన కబురు విన్న దగ్గర్నుంచీ నా మనసు నిండిపోయింది. రెండు తులాలు తీసుకున్నానని ఎంత సంతోషంగా చెప్పావు! బంగారం ఊరికే ఎవరూ కొనరు. నువ్వు సిగ్గుపడి మిగతాది చెప్పలేదు, నేనూ అడగలేదు. అన్నయ్యకి మాత్రం ఫోన్ చేసి, అమ్మాయి ఏదో శుభం తలపెట్టింది, తొందరపెట్టకండి అని చెప్పాను. అబ్బాయి ఎవరైనా సరే, నా ఆశీస్సులు ఉంటాయి. వాడికి టిన్ మెరిడియన్ ఇష్టమా?

ప్రేమతో,
బాబాయి

*

ప్లెయిన్స్‌బరో
సెప్టెంబర్ 30

బాబాయ్,

నేను బంగారం కొనలేదు. పెళ్లీ లేదు, అబ్బాయీ లేడు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి మొదటి మాటే "మనవాళ్లేనా?" అంది. నాన్న వెనకనుంచి "ఎవరైనా ఫర్వాలేదని చెప్పవే" అంటున్నాడు. పిన్నికి ఫోన్ చేస్తే, పెళ్లికి మా అమ్మకి పట్టుచీర ఏ రంగు తీయాలని అడిగింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ రోజు నేను చెప్పింది ఇది: "బాబాయ్, తుల్సాకి రెండు తీసుకున్నా!" టికెట్లు, బాబాయ్. నవంబర్ 15న టిన్ మెరిడియన్ తమ సొంత ఊరు తుల్సాలో వాయిస్తున్నారు. మీ ఇంటికి రెండు గంటల దారి. నీకొకటి, నాకొకటి. నువ్వు "అబ్బ, చాలా మంచిపని చేశావమ్మా, ఇంకా పెరుగుతుంది" అన్నావు. ఏమిటి పెరిగేది అని ఆలోచిస్తూ ఫోన్ పెట్టేశాను.

మొదట నీ మీద విపరీతమైన కోపం వచ్చింది. తర్వాత కూర్చుని ఆలోచించాను. తుల్సాలో 'స' తీసేస్తే ఏం మిగులుతుంది? తులా. నీకు 'స' వినపడలేదు.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. వేన్ హల్లులు మింగేస్తున్నాడు. సింబల్స్ లేవు. ఇండికేటర్ టిక్ టిక్ నీకు తెలియలేదు. నిన్న పిన్ని ఫోన్‌కి చేసి భవితతో మాట్లాడాను. పిట్ట గురించి అడిగితే ఏమందో తెలుసా? "అక్కా, అది బర్డ్ కాదు. హాల్‌వేలో స్మోక్ అలారం. బ్యాటరీ లో అయితే చిర్ప్ చేస్తుంది. నేను డాడ్‌కి చెప్పాను. ట్వైస్." మరి పిలిస్తే ఎందుకు పలకవే అన్నాను. "నేను ఆన్సర్ చేస్తాను అక్కా, ఎవ్రీ టైమ్. డాడ్ నా ఫేస్ చూస్తే వింటాడు. చూడకపోతే వినడు. ఐ థాట్ హి వాజ్ మ్యాడ్ ఎట్ మి" అంది.

బాబాయ్, అందరూ గొణగడం లేదు. నీకు సన్నటి శబ్దాలు వినపడటం లేదు. ఆల్బమ్‌లో తప్పులేదు, అనీష్‌లో తప్పు లేదు, నీలోనూ తప్పు లేదు. ఒక్కసారి చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లు. అదొక్కటే అడుగుతున్నాను.

నీ
హంసి

*

బెంటన్‌విల్
అక్టోబర్ 1

హంసికా,

చెవిటివాడి ముందు శంఖం అని ఆ రోజే రాశావు. సామెత అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, నువ్వు అన్నది నిజంగానే అన్నావని.

నాకు యాభై ఒక్క ఏళ్లు. మనింట్లో మా నాన్న ఎనభైలో కూడా గోడ అవతలి మాట వినేవాడు. నేను వినగలను. కుక్క మొరిగితే వింటాను, లారీ వెళ్తే వింటాను, రేడియో వింటాను. ఒక పాట నచ్చలేదన్నందుకు మనిషిని రోగిని చేయడం ఎక్కడా చూడలేదు. నా వెనక నా కూతుర్ని పిలిచి విచారణ చేయడం అంతకన్నా బాగాలేదు.

తుల్సాకి ఇంకెవరినైనా తీసుకువెళ్లు.

దామోదర్

*

ప్లెయిన్స్‌బరో
అక్టోబర్ 2

బాబాయ్,

సామెత నోటికొచ్చి రాశాను. నువ్వు నాతో అబద్ధమాడుతున్నావనుకుని, ఉక్రోషంలో. అది నీకు ఇలా తగులుతుందని తెలిస్తే చేతులు నరుక్కునేదాన్ని. ఆ మాట ఒక్కటీ వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

నాతో మాట్లాడొద్దు, సరే. ఒక్క పని మాత్రం చెయ్. కొత్త స్పీకర్ల ముందు భవితని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగో పాట పెట్టు. నీకు నిశ్శబ్దం వచ్చినప్పుడు స్పీకర్‌ని చూడకు. దాన్ని చూడు.

నేను తప్పని తేలితే, ఈ ఆల్బమ్ చెత్త అని ఫోరంలో నా పేరుతో రాస్తాను. టికెట్ మాత్రం ఇంకెవరికీ ఇవ్వను.

హంసి

*

బెంటన్‌విల్
అక్టోబర్ 6

హంసీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు, నిన్ను ఓడిద్దామనే ఉద్దేశంతోనే భవితని పిలిచాను. అది మెట్ల మీద నుంచి నా మొహంలోకి చూస్తూ వచ్చింది. అలా చూస్తూ రావడం ఎప్పటినుంచి అలవాటైందో నాకు తెలియదు.

"కూర్చో. పాట విను" అన్నాను.

"నేను ట్రబుల్‌లో ఉన్నానా?"

"లేదు. విను ఊరికే."

రికార్డు పెట్టాను. నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. నాలుగో పాట వచ్చింది. గిటార్ ఆగింది, బేస్ ఆగింది, వేన్ ఆగాడు. గది నిశ్శబ్దమైపోయింది. గెలిచాననుకుంటూ భవిత వైపు చూశాను.

దాని వేలు కుర్చీ చేతి మీద కదులుతోంది. తాళం వేస్తోంది. ఖాళీ మీద కాదు హంసీ, దేనికో సరిగ్గా వేస్తోంది. ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. దాని కళ్లు సగం మూతపడ్డాయి. తల మెల్లగా ఊగుతోంది. నా ముందు, నా ఇంట్లో, నేను కొన్న స్పీకర్లలోంచి ఏదో వస్తోంది. నా కూతురు దాన్లో తడుస్తోంది. నేను బయట ఉన్నాను.

"ఏం వినిపిస్తోంది?" అన్నాను.

అది ఉలిక్కిపడి చూసింది. "రెయిన్ లాంటిది... ఇదే, ఇప్పుడు కొంచెం ఫాస్ట్ అయింది. డాడ్, నువ్వు వినట్లేదా?"

తల అడ్డంగా ఊపాను. గిటార్ మళ్లీ మొదలయ్యాక అది లేచి వచ్చి నా కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే నేను వినలేదు.

నేను ఇన్నాళ్లూ అనుకున్నదేమిటంటే, చెవి పోవడమంటే శబ్దం దూరమైనట్టు, పలచబడ్డట్టు ఉంటుందని. అలా ఉంటే నాకు తెలిసేది కదా. అలా లేదు. అక్కడ ఏదో ఉందన్న సంగతే ఉండదు. లేనిదాన్ని ఎవరు వెతుక్కుంటారు? అందుకే మీరందరూ గొణుగుతున్నారనుకున్నాను, ఒక ఊరి బ్యాండ్ మొత్తం చెడిపోయిందనుకున్నాను.

దాని ఫోన్ ఇచ్చేశాను. క్షమించమని అడిగాను. "ఇట్స్ ఓకే డాడ్" అంది. ఓకే కాదని నాకు తెలుసు. నిచ్చెన వేసుకుని స్మోక్ అలారంలో బ్యాటరీ మార్చాను. మీ పిన్ని కింద నిలబడి "హమ్మయ్య, ఎగిరిపోయింది" అంది.

డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం. భయంగా ఉంది. నువ్వు గెలిచావు.

బాబాయి

*

ప్లెయిన్స్‌బరో
అక్టోబర్ 8

బాబాయ్,

ఇందులో నేను గెలిచిందేమీ లేదు. నీ ఉత్తరం ఆఫీస్‌లో చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అయిపోయింది, ఇక ఏడుపు లేదు. ఇప్పుడు పనులు.

గురువారం పిన్నిని కూడా తీసుకువెళ్లు. డాక్టర్ చెప్పింది సగమే నీకు వినపడితే మళ్లీ బంగారం కథ అవుతుంది. చెవిలో మిషన్ పెట్టుకోమంటే పెట్టుకో. ముసలివాడిలా కనిపిస్తానని అనకు. వేన్ హాలోవే కింది మెట్టు మీద కూర్చుని పాడితే లోకం లేచి నిలబడింది. నువ్వెంత?

రెన్యువల్ వద్దని ఇంకా చెప్పలేదు కదా? చెప్పకు. అనీష్‌తో ఒక్కసారి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పు. అతను వెధవ అని తేలితే అప్పుడు మానేద్దువుగాని, నేనే మెయిల్ రాసిస్తాను.

మళ్లీ పోట్లాడదామని ఎదురుచూస్తున్న
హంసిక

*

బెంటన్‌విల్
నవంబర్ 17, సోమవారం

హంసీ,

నిన్న పొద్దున తుల్సా ఎయిర్‌పోర్ట్‌లో నిన్ను దింపాక నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయని గుర్తొచ్చింది. రెండు రోజులు పక్కపక్కనే ఉండి కూడా పాటల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు మనం.

ముందు ఆఫీస్ సంగతి. అనీష్ దగ్గరికి వెళ్లి, చెవిలో మిషన్ చూపించి చెప్పాను. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని, "నేనేం అడిగినా మీరు తలూపి వెళ్లిపోయేవాళ్లు సర్. నా కింద పనిచేయడం మీకు ఇష్టంలేదేమో అనుకున్నాను. మీతో మాట్లాడాలంటే నాకు భయం" అన్నాడు. అతను ఒంగోలువాడట. ఇన్నాళ్లూ ఒకరికొకరం భయపడుతూ ఒకే అంతస్తులో పనిచేశాం. ఇప్పుడు మీటింగుల్లో మాట్లాడే ప్రతి మాటా తెర కిందన అక్షరాల్లో పడేలా పెట్టించాడు. రెన్యువల్ అయింది.

మిషన్లు పెట్టుకున్న మొదటి రోజు నరకం. అన్నీ తగరపు రేకు మీద మోగినట్టు ఉన్నాయి. తీసి పారేయబోతుంటే వంటింట్లో మీ పిన్ని పోపు వేసింది. ఆవాలు చిటపటమన్నాయి. పరుగెత్తుకెళ్లాను. "ఏమైంది?" అంది కంగారుగా. "మళ్లీ వెయ్యి" అన్నాను. పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, ఇంకో చారెడు ఆవాలు వేసింది. ఆ రోజు పప్పు ఎవరూ తినలేకపోయారు.

ఇక ఆల్బమ్. కొత్త చెవులతో, కొత్తగా, మొదటినుంచి విన్నాను. నా తొలి అభిప్రాయం ఇప్పుడు రాస్తున్నాను, ముందు రాసింది కొట్టేసుకో. నాలుగో పాట విషయంలో నీ మాటే మాట. శనివారం డెలా స్టేజీ మీద బ్రష్ ఎత్తినప్పుడు నేను నీ చెయ్యి పట్టుకున్నాను, నీకు తెలుసు. అంతకుమించి రాయలేను. ఆమె సింబల్ నిమిరినంతసేపూ అంత పెద్ద హాల్లో ఒక్కరు దగ్గలేదు. దగ్గితే నాకు వినపడేది. వేన్ గొంతు గురించి కూడా నీదే ఒప్పు.

'టోల్ రోడ్' మాత్రం ఇప్పటికీ చెత్తే. ఆ ఒక్క తీగ మొండితనం కాదు, సోమరితనం. వెయ్యి చెవులు పెట్టుకున్నా నా తీర్పు మారదు. ఫోరంలో కూడా రాశాను. ఎవడో నన్ను ముసలాయనా అని తిట్టాడు. తిట్టు కూడా స్పష్టంగా చదివాను, సంతోషించాను.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నువ్వు లోపలికి వెళ్లాక నేనూ భవితా బయల్దేరాం. శనివారం కచేరీకి నువ్వు నీ టికెట్ దానికిచ్చి, నీకు హాలు గేటు దగ్గర ఇంకొకటి కొనుక్కున్నావని దానికి చెప్పలేదు, నువ్వు వద్దన్నావు కాబట్టి. అది డ్రైవ్ చేస్తానంది. నేను పక్కన కూర్చున్నాను. హైవే ఎక్కాక స్టీరియో ఆపేశాం, ఇద్దరికీ రాత్రి హోరు ఇంకా తలలోనే ఉంది. రెండువైపులా కోసేసిన పొలాలు. కొంతదూరం పోయాక ఏదో సన్నగా వినిపించింది. ముందు టైరు అనుకున్నాను. తర్వాత మిషన్‌లో గోల అనుకుని చెవి దగ్గర సర్దుకున్నాను. తిరిగి చూస్తే భవిత పాడుతోంది. రోడ్డు చూస్తూ, తనలో తను. బ్యాండ్ పాట కాదు, నాకు తెలియని పాటేదో. పెదవులు కాస్తే కదులుతున్నాయి. గొంతు ఎంత పైకి పోతోందంటే, నేను ఇన్నేళ్లూ పోగొట్టుకున్న చోటంతా అదే ఉంది.

"నీకు పాడటం వచ్చా?" అన్నాను.

అది నవ్వింది. "డాడ్! నేను ఎప్పుడూ పాడతాను. మిడిల్ స్కూల్ నుంచి. నువ్వు కార్‌లో స్కూల్‌కి డ్రాప్ చేసేప్పుడు కూడా. ఎవ్రీ డే."

ప్రతిరోజూ. నా పక్క సీట్లో. కిటికీ వైపు తిరిగి కూర్చునేది, నాతో మాట్లాడటం ఇష్టంలేక అనుకునేవాణ్ని.

"ఇంకొంచెం గట్టిగా పాడమ్మా" అన్నాను.

"వై? ఇప్పుడు వినిపిస్తోంది కదా" అంది. మళ్లీ మొదలుపెట్టింది, అంతే మెల్లగా.

ఇల్లు చేరేదాకా వింటూనే ఉన్నాను.

మీ
దామోదర్ బాబాయి